మూడు రోజుల లెక్క, రెండున్నర నిమిషాల కథ

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు సినిమా ప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నలు, జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనకాల నిలబడ్డవాళ్లకు ఇంకో నమస్కారం. ఆదివారం సాయంత్రం మారతహళ్లి వంతెన దాటుకుని ఇంతమంది వచ్చారంటే అది నా మాటలు వినడానికేనని నేను అనుకోవడం లేదు. నా తరువాత ఏ హీరో సినిమా ఎంత వసూలు చేసిందన్న చర్చ ఉందని ఆహ్వానంలో వేశారు. ముందు వరుసలో కొందరు అప్పుడే ఫోన్లలో అంకెలు సిద్ధం చేసుకుంటున్నారు. (నవ్వులు) కానివ్వండి.

పరిచయం చేసిన అమ్మాయి నన్ను సినీ విశ్లేషకుడు అంది. అంత పెద్ద మాట అక్కర్లేదమ్మా. ఇక్కడే బెంగళూరు గాంధీనగర్‌లో తెలుగు బొమ్మలు కొని ఆడించే ఒక పంపిణీ ఆఫీసులో లెక్కలు రాశాను. మా ఏరియా బీకేటీ, అంటే బెంగళూరు, కోలారు, తుమకూరు. లెక్కల బల్ల దగ్గరికి చేరకముందు రెప్రజెంటేటివ్‌గా తిరిగాను. ఫిల్ము పెట్టెతో పాటు చింతామణికో, బాగేపల్లికో, పావగడకో వెళ్లడం, బుకింగు కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం, ఎన్ని టికెట్లు తెగాయో చూసి కాగితం మీద సంతకం పెట్టించుకుని రావడం. అదీ నా ఉద్యోగం.

నిర్వాహకులు నాకు రెండు విషయాలు అప్పగించారు. ఒకటి, బాక్సాఫీసు లెక్కలను ఎంతవరకు నమ్మాలి. రెండు, ట్రైలర్‌లోనే కథంతా చెప్పేసి సినిమాను పాడుచేస్తున్నారన్న ఫిర్యాదు. విడివిడిగా మాట్లాడమన్నారు. నా ఉద్దేశంలో రెండోది మొదటిదాని కడుపున పుట్టింది. మొదటి మూడు రోజుల్లో ఎంత వచ్చిందన్నదే సినిమా జాతకం అయిపోయినప్పటి నుంచి ట్రైలర్‌కు నోరు ఆగడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ముందు లెక్క ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఆ రోజుల్లో ఆట మొదలయ్యాక థియేటరువాళ్లు ఒక కాగితం నింపేవాళ్లు. డీసీఆర్ అంటాం, ఆ రోజు వసూళ్ల పత్రం. ఎడమవైపు తరగతులు: నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. ఒక్కో తరగతికి ఎదురుగా, కిటికీ తెరిచేటప్పటికి టికెట్ పుస్తకంలో ఉన్న నంబరు, మూసేటప్పటికి ఉన్న నంబరు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే అమ్మిన టికెట్లు. ధరతో హెచ్చవేస్తే గ్రాస్. వినోదపు పన్ను పోతే నెట్. థియేటరు అద్దెనో వాటానో పోగా మిగిలింది షేర్. కింద మేనేజరు సంతకం, నా సంతకం. కార్బన్ పెట్టి నకళ్లు. ఆ కాగితం అబద్ధం ఆడాలంటే ఎవరో టికెట్ పుస్తకం మార్చాలి. మార్చినవాళ్లు ఉన్నారు, అందుకే నాకు జీతమిచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. (నవ్వులు)

అలాంటి పత్రం ఇప్పటికీ ఉంది, కంప్యూటర్‌లోకి మారింది, అంతే. కానీ అది మీ కంట పడదు. మీ కంట పడేది పోస్టరు. అమెరికాలో కామ్‌స్కోర్ అనే సంస్థ థియేటర్ల నుంచి లెక్కలు తీసుకుని స్టూడియోలకు అందిస్తుంది, అవే పత్రికల్లోకి వస్తాయి. మనకు అందరూ ఒప్పుకునే అలాంటి లెక్క ఒకటి లేదు. నిర్మాత వేసిన పోస్టరు, పంపిణీ ఆఫీసులో ఎవరో చెవిలో వేసిన మాట, బుకింగ్ యాప్‌లో రంగు మారిన సీట్లు లెక్కపెట్టేవాళ్ల అంచనా, ఈ మూడింటినీ కలిపి మనం అధికారిక వసూళ్లు అంటున్నాం.

పైగా ఒక్కొక్కరి కొలత ఒకటి. హిందీ వ్యాపారం నెట్‌లో మాట్లాడుతుంది, తమిళం గ్రాస్‌లో, మన తెలుగు వ్యాపారం మొదటి నుంచీ షేర్‌లో. నైజాం అంటే తెలంగాణ షేర్ ఎంత, సీడెడ్ అంటే రాయలసీమ షేర్ ఎంత, ఉత్తరాంధ్ర ఎంత అని అడుగుతాం. (నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన జిల్లాలకు సీడెడ్ అన్న ఆ పాత పేరు పటాల్లో పోయి సినిమా ఆఫీసుల్లో మాత్రం నిలిచిపోయింది, అది వేరే కథ.) మన సినిమా షేర్‌ను పక్క భాష గ్రాస్‌తో పోల్చి ఓడిపోయామని బాధపడిన కుర్రవాళ్లను నేను చూశాను. వాళ్ల బాధ నిజమే, లెక్కే తప్పు.

ఇక్కడ మల్టీప్లెక్సులో మీరు 500 రూపాయల టికెట్ కొన్నారనుకోండి. యాప్‌వాళ్ల రుసుము దానికి అదనం, సినిమా ఖాతాలోకి రాదు. పాప్‌కార్న్ కూడా రాదు, అది పూర్తిగా థియేటరు భోగం. 500లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అంటే 76 రూపాయల చిల్లర. మిగిలింది 424 దగ్గర. సగం వాటా ఒప్పందమైతే పంపిణీదారుకు వచ్చేది 212. పోస్టరు మీద మాత్రం 500. అందులో అబద్ధం లేదు, మీరు నిజంగానే 500 ఇచ్చారు. కానీ సినిమా కొన్నవాడు గట్టెక్కాడా లేదా అన్నది ఆ 212 చెబుతుంది.

హైర్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. చిన్న సెంటర్లలో ఎవరో ఒకరు ఇంత అని మొత్తం ముందే కట్టి బొమ్మ తెచ్చుకుంటారు. జనం వచ్చినా రాకపోయినా ఆ డబ్బు పంపిణీదారుకు చేరిపోయింది కాబట్టి దాన్ని తొలిరోజు షేర్‌లో కలిపేస్తారు. "హైర్లతో కలిపి తొలిరోజు ఇంత" అన్న వాక్యం మీరు చదివే ఉంటారు. అంటే టికెట్ కొనని మనిషి కూడా ఆ అంకెలో ఉన్నాడు. రెండో వారంలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. అద్దె పద్ధతిలో ఆడే థియేటరులో వసూలు అద్దెకు చాలకపోతే పంపిణీదారే చేతి డబ్బు కట్టాలి. దాన్ని డెఫిసిట్ అంటాం. డెఫిసిట్‌కు పోస్టరు వేసిన నిర్మాతను నేనింతవరకు చూడలేదు. (నవ్వులు)

ఇక కోటి రూపాయలంటే ఎంతమంది? బెంగళూరులో 500 చొప్పున అయితే 20,000 మంది. చెన్నైలో టికెట్ ధరకు ప్రభుత్వం పరిమితి పెట్టింది, మల్టీప్లెక్సులో పన్నులతో కలిపి 190 రూపాయల దగ్గర ఆగుతుంది. అక్కడ కోటి రావాలంటే 52,000 మందికి పైగా రావాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పల్లెలో ఏసీ లేని థియేటరులో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. 2022 మార్చిలో అది మారింది. ఏడాది తేడాలో అదే ఊళ్లో, అదే కుర్చీలో కూర్చున్న అదే మనిషి లెక్కలో పెరిగిపోయాడు. మన కర్ణాటకలో 2025లో 200 రూపాయల పరిమితి తెచ్చారు, అదే సెప్టెంబరులో హైకోర్టు నిలిపివేసింది. కాబట్టి పెద్ద తెలుగు సినిమా విడుదలైన రోజు ఇక్కడి ధరలు ఆకాశంలోనే ఉంటాయి. కర్ణాటక వసూళ్లలో రికార్డు అని మీరు మురిసిపోయేటప్పుడు, ఆ రికార్డులో ఎక్కువ భాగం మీ జేబుదేనని గుర్తు పెట్టుకోండి.

ఫ్రాన్స్‌లో సినిమా గెలుపోటములు చెప్పేటప్పుడు డబ్బు చెప్పరు, ఎన్ని టికెట్లు తెగాయో చెబుతారు. దక్షిణ కొరియాలో ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ నడిపే కంప్యూటర్ వ్యవస్థలోకి థియేటర్ల టికెట్లన్నీ వచ్చి చేరతాయి, ఎవరైనా చూడవచ్చు. అక్కడ గొప్ప సినిమా అంటే కోటి మంది చూసినది. ఆ దేశ జనాభాయే ఐదు కోట్ల పైచిలుకు! ధర పెంచి ఆ కోటిని చేరుకోలేరు. మనకు ఆ అలవాటు ఉండి ఉంటే ఈ సాయంత్రం జరగబోయే చర్చ చాలా తొందరగా ముగిసేది.

ఇంతకుముందు మనం రోజులు లెక్కపెట్టేవాళ్లం. యాభై రోజులు, శతదినోత్సవం, రజతోత్సవం. అందులోనూ దొంగ లెక్కలు ఉండేవి. తొంభై రోజుల దగ్గర సినిమా చతికిలపడితే అభిమానులే డబ్బులు పోగేసి, ఒక్క ఆటతో ఈడ్చుకుంటూ వంద దాటించిన సెంటర్లు నాకు తెలుసు. కాబట్టి ఆ కాలం సత్యకాలమని నేను అనను. కానీ ఆ లెక్కలో ఒక గుణం ఉండేది. సినిమాకు సమయం ఇచ్చేది. ప్రింట్లు తక్కువ. పెద్ద ఊళ్లలో ఆడి, గీతలు పడ్డాక పెట్టె చిన్న ఊళ్లకు వచ్చేది. అప్పటికి ఆ సినిమా ఎలా ఉందో బంధువుల ద్వారా, బస్సు కండక్టర్ల ద్వారా ఊరికి తెలిసిపోయి ఉండేది. మొదటి వారం ఖాళీగా ఉండి మూడో వారంలో హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన బొమ్మకు నేనే సంతకం చేశాను. బోర్డు దుమ్ము పట్టి ఉంటే కండువాతో తుడిచి మరీ బయట పెట్టాడు ఆ థియేటరు కుర్రవాడు.

ఆ వ్యవధి ఎలా పోయింది? 2005 తరువాత యూఎఫ్ఓ, చెన్నైవాళ్ల క్యూబ్ వంటి డిజిటల్ పద్ధతులు వచ్చాక పెట్టెలతో పని లేకుండా పోయింది. అన్ని ఊళ్లలో ఒకే రోజు బొమ్మ పడుతోంది. దీనికి తోడు వాటాల లెక్క. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ మధ్య రెండు నెలలు తగాదా నడిచింది, కొత్త సినిమాలు విడుదల కాలేదు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, పంపిణీదారుకు మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తరువాత 30. ఇప్పుడు మీరే చెప్పండి, జనం ఏ వారం రావాలని పంపిణీదారు దేవుడికి మొక్కుకుంటాడు? మొదటి వారం రూపాయిలో అర్ధ రూపాయి అతనిది, నాలుగో వారం రూపాయిలో 30 పైసలే. ఇక మన తెలుగు సినిమాల్లో చాలావాటికి నాలుగో వారం థియేటరులో ఉండదు. అప్పటికి ఇంట్లో టీవీలో ఉంటుంది.

కాబట్టి రావలసినవాళ్లంతా శుక్ర, శని, ఆదివారాల్లో వచ్చేయాలి. చూసినవాడు చూడనివాడికి చెప్పేంత తీరిక లేదు. చూసినవాడు చెప్పవలసిన మాట ఎవరు చెప్పాలి? ట్రైలర్ చెప్పాలి. చూడకముందే చూసినంత నమ్మకం కలిగించాలి. అక్కడ మొదలైంది అసలు గొడవ.

దీని వెనక ఇంకో ఒత్తిడి ఉంది, అది బయటివాళ్లకు కనిపించదు. ట్రైలర్ మీకోసమే కోస్తారని మీరు అనుకుంటున్నారు. మా ఆఫీసులో అది ముందు మా యజమాని కోసం వచ్చేది. ఏరియా బేరం తెగలేదు, నిర్మాత చెబుతున్న ధర ఎక్కువ, కొనేవాడు జంకుతున్నాడు. అప్పుడు ట్రైలర్ చూపిస్తారు. కొనేవాడికి కావలసింది డబ్బు ఎక్కడ ఖర్చయిందో కనబడటం. ఓడ తగలబడే షాట్ ఉందా, వేయిమంది గుర్రాల మీద వచ్చే షాట్ ఉందా, విరామం ముందు హీరో లేచే షాట్ ఉందా? ఉన్నదంతా చూపిస్తే బేరం తెగుతుంది. దర్శకుడు "ఆ షాట్ వద్దండీ, అది రెండో సగంలో గుట్టు" అని ఎంత మొత్తుకున్నా, ఎదురుగా చెక్కు పుస్తకం ఉంటుంది. ఇక ఆ తరువాత ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్ వచ్చాయన్న పందెం మీరు నడిపేదే. ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, లిరికల్ వీడియోలు, ట్రైలర్, అది చాలక రిలీజ్ ట్రైలర్. ఒక్కొక్కదాంట్లో కొత్తగా ఒకటి చూపించాలి కదా. గుట్టు ఎక్కడ మిగులుతుంది?

ఇక్కడ ఒకరు నన్ను ఆపాలి. కథ ముందే తెలిస్తే నష్టమేమిటి, మనం రామాయణ భారతాలు వందసార్లు విన్న జాతి కదా అని. మంచి ప్రశ్న. పౌరాణికాలకు జనం కథ తెలియక వెళ్లలేదు. 1957లో 'మాయాబజార్' చూడటానికి వెళ్లినవాళ్లలో శశిరేఖ పెళ్లి అభిమన్యుడితోనే అవుతుందని తెలియనివాళ్లు ఎవరు? ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని గంటసేపు సినిమా ధ్వని మొత్తం వినిపించేవాళ్లు, విన్నవాళ్లే మళ్లీ టికెట్ కొనుక్కునేవాళ్లు. 2011లో అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాఠకులకు చిన్న కథలు ఇచ్చి, కొందరికి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు తెలిసినవాళ్లకే ఆ కథలు కాస్త ఎక్కువ నచ్చాయట. ట్రైలర్లు కోసేవాళ్లకు ఈ పరిశోధన ప్రాణం.

నేను దానితో తగవు పెట్టుకోను. కథ తెలియడం వేరు, షాట్ తెలియడం వేరు. శశిరేఖ పెళ్లి సంగతి అందరికీ తెలుసు. ఘటోత్కచుడు ఆ పెళ్లి భోజనం ముందు కూర్చుని ఎలా తింటాడో, ఎస్వీ రంగారావు పళ్లాలను చూసి ఎలా నవ్వుతాడో తెలియదు. జనం డబ్బిచ్చి కొన్నది ఆ రెండోదాన్ని. ఇప్పటి ట్రైలర్ ఆ రెండోదాన్నే ఊరికే పంచిపెడుతోంది.

హాల్లో కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో గమనించారా? హీరో కొండ చివర వేలాడుతున్నాడు. కింద లోయ. సంగీతం హోరెత్తుతోంది. మీకు గుండె దడ రావాలి, రాదు. ఎందుకంటే ట్రైలర్‌లో అతను తెల్ల పంచె కట్టుకుని వానలో ఎవరినో కొట్టే షాట్ ఉంది, అది ఇంకా రాలేదు. ఆ షాట్ హీరోకు జీవిత బీమా. అది వచ్చేదాకా అతనికి ఏమీ కాదు. అది రెండో సగంలో వచ్చేస్తే, ఇక చివరికి వచ్చేశామని చెప్పులు వెతుక్కోవచ్చు. మీరు కథ చూడటం మానేసి జాబితాలో టిక్కులు పెట్టుకుంటున్నారు. హాస్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. వంద సార్లు ఫోన్లో విన్న జోకు తెర మీద పడితే హాలు నవ్వదు, హాలు ఆ డైలాగును హీరో కంటే ముందే అప్పజెబుతుంది. అది సంబరమే, కాదనను. నవ్వు మాత్రం కాదు.

మన దగ్గర దీనికి మంచి పద్ధతి ఉండేది. పాటల పుస్తకం. హాలు బయట చిల్లర డబ్బులకు అమ్మేవాళ్లు. పల్చటి న్యూస్‌ప్రింటు, అట్ట మీద నీలమో ఎరుపో ఒక్క రంగు బొమ్మ. లోపల నటవర్గం, సాంకేతిక వర్గం, పాటలు, మధ్యలో కథాసంగ్రహం. జమీందారు కొడుకు పేదపిల్లను ప్రేమించాడు, తండ్రి ఒప్పుకోలేదు, పిల్ల ఊరు విడిచి వెళ్లింది, అదే సమయంలో ఒక హత్య జరిగింది, హతుడు ఎవరు, ఆ పిల్ల ఏమైంది... చివర ఒక వాక్యం: తరువాయి వెండితెరపై చూడండి. ఎవరు రాసేవాళ్లో తెలియదు, పేరు ఉండేది కాదు. సరిగ్గా ఎక్కడ ఆపాలో ఆ రాతగాడికి తెలుసు. ఇవాళ లక్షలు పోసి చేయించే ట్రైలర్లలో నేను చూడనిది ఆ నేర్పే.

ఈ జబ్బు మనది మాత్రమే అనుకోకండి. 1991లో వచ్చిన 'టెర్మినేటర్' రెండో భాగంలో ష్వార్జ్‌నెగర్ మర మనిషి ఈసారి కుర్రవాడిని కాపాడటానికి వచ్చాడన్న సంగతిని దర్శకుడు కామెరూన్ చాలాసేపు దాచిపెట్టి తీశాడు. ప్రకటనలు విడుదలకు ముందే ఊరంతా చాటాయి. 2000లో వచ్చిన 'కాస్ట్ అవే' ట్రైలర్‌లో దీవిలో చిక్కుకున్న మనిషి ఇల్లు చేరడం కూడా చూపించేశారు. దర్శకుడు జెమెకిస్ దాన్ని సమర్థించుకున్నాడు, ఏం చూడబోతున్నారో పూర్తిగా తెలిస్తేనే జనం వస్తారని ఆయన వాదన. వ్యాపారంగా ఆయన మాట కొట్టిపారేయలేం. 1960లో హిచ్‌కాక్ 'సైకో' ట్రైలర్‌లో తానే నడుస్తూ ఆ ఇల్లు, ఆ గదులు ఆరు నిమిషాలకు పైగా తిప్పి చూపించి, చెప్పవలసినది చెప్పకుండా ముగించాడు. అంత చాతుర్యం అందరికీ ఉండదు.

నన్ను అడిగితే నిజం చెప్పేసే ట్రైలర్ కంటే అబద్ధమాడే ట్రైలరే మేలు. ఒక షాట్‌కు ఇంకో డైలాగు తగిలించి నన్ను తప్పుదారి పట్టించనివ్వండి, హాల్లో సంతోషంగా మోసపోతాను. దీనికి చట్టం అడ్డు కూడా లేదు. 2016లో ఒక హిందీ సినిమా వచ్చింది, పేరు కూడా 'ఫ్యాన్'. ప్రచారంలో ఊరూవాడా మోగిన పాట సినిమాలో లేదు. పాట కోసమే పిల్లలను తీసుకెళ్లిన ఒక తల్లి వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లింది. పిల్లలు అలిగి అన్నం మానేశారని ఫిర్యాదులో రాసింది. రాష్ట్ర కమిషన్ 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇమ్మంది, జాతీయ కమిషన్ సరేనంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్ దాన్ని కొట్టేశారు. ప్రచార చిత్రం అంటే అందులో ఉన్నదంతా సినిమాలో ఉంటుందన్న వాగ్దానం కాదన్నారు. ఆ తల్లి మీద నాకు జాలే, కానీ తీర్పు నాకు నచ్చింది. ట్రైలర్‌లో ఉన్నదంతా సినిమాలో ఉండి తీరాలని కోర్టు చెప్పి ఉంటే, దర్శకుల చేతిలో మిగిలిన ఒక్క దాగుడుమూత కూడా పోయేది.

మన ఊరి కేసు ఇంకోటి ఉంది. 2023 డిసెంబరులో ఒక ప్రేక్షకుడు సాయంత్రం 4.05 ఆటకు వెళితే సినిమా 4.30కి మొదలైంది. మధ్యలో అంతా ప్రకటనలు, ట్రైలర్లు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి వినియోగదారుల కమిషన్ ఆయనకు 20,000 పరిహారం, 8,000 ఖర్చులు ఇప్పించి, థియేటరు సంస్థకు ఇంకో లక్ష జరిమానా వేసింది. మరుసటి నెలలో హైకోర్టు దాన్ని ఆపింది. న్యాయం సంగతి న్యాయమూర్తులు చూసుకుంటారు. నాకు నచ్చింది ఆ మనిషి గడియారం చూసుకోవడం.

చివరగా కట్టప్ప. (చప్పట్లు) తెలుసు, దీనికోసమే కూర్చున్నారు. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నతో ఆగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? రెండేళ్లకు దగ్గరగా దేశమంతా ఆ ప్రశ్న వేసుకుంది. 2017 మార్చిలో వచ్చిన రెండో భాగం ట్రైలర్ యుద్ధాలు చూపించింది, ఏనుగులను చూపించింది, జవాబు చూపించలేదు. ఏప్రిల్ 28న బొమ్మ పడింది. మన ఊళ్లో పడుతుందో లేదోనని కాసేపు గుబులు కూడా. కట్టప్ప వేసిన సత్యరాజ్ కావేరి గొడవ నాటి తన మాటలకు విచారం వ్యక్తం చేశాక ఇక్కడి సంఘాలు శాంతించాయి. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్ల గ్రాస్ దాటిన మొదటి భారతీయ చిత్రం అదే. అంత వసూలు చేసిన సినిమా, అందరూ అడుగుతున్న ఒక్క సంగతిని ట్రైలర్‌లో చెప్పకుండా ఉంది.

దీన్నిబట్టి గుట్టు దాచితే కోట్లు వస్తాయని సూత్రం రాసేయకండి. ఆ సినిమాకు మొదటి భాగమే ప్రచారం చేసి పెట్టింది. కొత్త కుర్రవాడు తీసిన చిన్న సినిమాకు ఆ సౌకర్యం లేదు. అతను తన దగ్గర ఉన్న ఒకే ఒక మంచి మలుపును ట్రైలర్‌లో పెట్టేస్తాడు, శుక్రవారం ఎవరూ రాకపోతే శనివారం ఆటలు తీసేస్తారని అతనికి తెలుసు. నేను అతన్ని తప్పుపట్టను. పెద్ద హీరోల సినిమాలకు మాత్రం ఆ భయం ఏమిటో నాకు అర్థం కాదు. మీరు ఎలాగూ వెళతారు. ట్రైలర్ లేకపోయినా తెల్లవారుజామున లేచి వెళతారు. అక్కడ కూడా కథంతా పరిచేస్తున్నారంటే అది మీకోసం కాదు, మొదటి రోజు అంకె కోసం. ఆ అంకెను ఫోన్లో ముందుగా పంచుకునేది మాత్రం మీరే.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక యువతి): సార్, నలుగురం వెళితే రెండు వేలు. ట్రైలర్ చూడకుండా అంత డబ్బు ఎలా పెట్టమంటారు?

న్యాయమైన మాటమ్మా. ధర పెరిగేకొద్దీ ట్రైలర్ ఎక్కువ చెబుతుంది, అందుకే ఆ రెండు లెక్కలనూ కలిపి మాట్లాడాను. నేను చేసే పని చెబుతాను. టీజర్ చూస్తాను, ట్రైలర్ మొదటి నిమిషం చూసి ఆపేస్తాను. మొదటి నిమిషంలో ఆ సినిమా ఏ రకమో తెలిసిపోతుంది. రెండో నిమిషం అంతా కొనేవాళ్ల కోసం. రిలీజ్ ట్రైలర్ జోలికి అసలు వెళ్లకండి. హాల్లో రాబోయే సినిమా ట్రైలర్ వేస్తే నేను బయటికి వెళ్లి కాళ్లు చాపుకుని వస్తాను.

ప్రశ్న: మా హీరో గత సినిమా పోస్టరు నిజమా అబద్ధమా, ఒక్క మాటలో చెప్పండి.

మీ హీరో ఎవరో చెప్పవద్దు, నేను సాయంత్రం ఇంటికి వెళ్లాలి. (నవ్వులు) డీసీఆర్ చూడకుండా నేను ఏ సినిమాకూ చెప్పను. కానీ పోస్టరు మీద వసూళ్లు వేశాక, ఆ సినిమా కొన్న పంపిణీదారే నిర్మాత తరువాతి సినిమా కొన్నాడా లేదా చూడండి. నష్టపోయినవాడు రెండోసారి రాడు, వచ్చినా నష్టానికి సర్దుబాటు అడుగుతాడు. నిర్మాత పంపిణీదారుకు డబ్బు వెనక్కి ఇచ్చాడన్న వార్త వస్తే పాత పోస్టరు గురించి ఇక నన్ను అడగనవసరం లేదు.

ప్రశ్న: యాప్‌లో గత ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని టికెట్లు అని చూపిస్తున్నారు కదా. అది నమ్మవచ్చా?

పోస్టరు కంటే అది నయం. కనీసం మనుషులను లెక్కపెడుతోంది. అయితే అది ఒక్క యాప్ లెక్క, కిటికీ దగ్గర కొన్నవాళ్లు, ఇంకో యాప్‌లో కొన్నవాళ్లు అందులో లేరు. గంపగుత్తగా టికెట్లు కొని సీట్లు నిండినట్టు చూపించే పద్ధతి కూడా మొదలైంది. టికెట్ అమ్ముడైంది, కుర్చీ మాత్రం ఖాళీ. పాత రెప్రజెంటేటివ్‌లు బుకింగు కాగితం చూసి ఊరుకునేవాళ్లు కాదు, విరామానికి ముందు హాల్లోకి వెళ్లి తలలు చూసేవాళ్లు. మా వ్యాపారంలో అసలు పరీక్ష సోమవారం. ఆదివారం దాకా అభిమానం నడిపిస్తుంది, సోమవారం నుంచి సినిమాయే నడవాలి. మెజెస్టిక్‌లో కపాలి థియేటరు కూల్చేశారు గానీ పాత థియేటర్లు ఇంకా కొన్ని ఉన్నాయి. మీలో ఎవరికైనా సెలవు దొరికితే సోమవారం మ్యాట్నీకి వెళ్లండి. బాల్కనీలో వెనక వరుసలో కూర్చుని, లైట్లు ఆర్పకముందు ముందున్న తలలు లెక్కపెట్టి, ఆ రాత్రి వచ్చే పోస్టరు పక్కన పెట్టి చూడండి.